కొక్కెమునకు గొళ్లెము

కారేపల్లి కూడలియొద్ద రైలుదారి రెండు పాయలుగా చీలినది. ఒకటి యెల్లందు బొగ్గునకై పోయినది. రెండవది కొత్తగూడెము గనులకై పోయినది. ఆ రెండుదారుల చివరలను భూగర్భమునుండి బరువులను పైకెత్తు విద్య నూరేండ్లకు పైబడి సాగినది. ఆ దారులకు ఇరువైపులను, ఖమ్మము భద్రాచలముల నడిమి అడవిసరిహద్దు పల్లెలలో, రైతులు నూతులు త్రవ్వించుచు, పూడికలు తీయించుచు అదే విద్యను వేరొకరీతి నడపుచున్నారు. గనిలో త్రాటికొనను బరువునకు తగిలించు ఇనుపముక్కకు శాసనమున్నది, పరీక్షకుడున్నాడు, పుస్తకములో చేవ్రాలున్నది. నూతిమీద వ్రేలాడు కొక్కెమునకు ఇవి యేవియు లేవు. ఈ వ్యత్యాసమును గూర్చియే నేడు మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

నదీజలముల తగవులును, ఎన్నికల సందడియు ఉండగా పత్రికవారికి కొక్కెమే దొరికెనా యని కొందరు నవ్వవచ్చును. నవ్వువారు ఒక్కమారు నూతిగట్టున నిలిచి లోనికి తొంగిచూతురుగాక. అరువది యడుగుల లోతున నలుగురు మనుష్యులు గునపములతో రాయి పెకలించుచుందురు. వారి తలలకుపైన రాళ్లతో నిండిన ఇనుపతొట్టి ఊగుచు పోవుచుండును. తప్పుకొనుటకు అచట చోటులేదు, పరుగెత్తుటకు దారిలేదు. ఆ తొట్టిని వారి తలలపై పడనీయక నిలుపుచున్నది ఒక కొక్కెపు వంపు మాత్రమే. సాయంకాలము వారు పైకివచ్చునదియు తరచుగా ఆ తొట్టిలోనే.

మన తాతల మోటబావులలో ఎద్దులు త్రాటిని లాగెడివి, నీటిబాన పైకివచ్చెడిది, నీరు తోడునపుడు క్రింద మనిషి యుండెడివాడు కాడు. చేదబావిలో కడవ జారిపడినచో పాతాళగరిగెను దింపి వెదకి తీసెడివారు. నేడు ఎద్దులకు బదులు డీజిలు యంత్రము వచ్చినది. నారత్రాటికి బదులు ఇనుపత్రాడు వచ్చినది. కడవకు బదులు మనుష్యుడు దిగుచున్నాడు. ప్రాణము జారినచో దానిని తీయు గరిగె ఏ కమ్మరియొద్దను లేదు. (ఆంగ్లేయులు ఈ యంత్రమునకు మెడ పొడవైన పక్షి పేరు పెట్టిరి, మనము ఆ పేరునే క్రేను అని వాడుకొనుచున్నాము. పక్షియైనచో తన ముక్కున కరచుకొన్న దానిని వదలక ముక్కు మూయును. మన క్రేను ముక్కు సదా తెరచియే యుండును.)

కొక్కెము ఏల జారునో తెలిసికొనుట కష్టము కాదు. బరువు వ్రేలాడుచున్నంతసేపు తొట్టికడియము కొక్కెపు అడుగువంపులో కుదురుగా నుండును. అపాయము బరువున్నపుడు కాదు, బరువు లేనపుడు పుట్టును. తొట్టి నేలకు ఆనగనే త్రాడు సడలును. కొక్కెము ప్రక్కకు వాలును. కడియము వంపునుండి ప్రాకి మొనవరకు వచ్చును. క్రిందివారు తొట్టి నింపి కేకవేయుదురు, పైవాడు యంత్రమును త్రిప్పును, త్రాడు బిగియును. అపుడు కడియము వంపులోనికి జారినచో సరి. జారక మొననే పట్టుకొని లేచెనా, నూతి నడుమకు వచ్చుసరికి ఒక చిన్న కుదుపు చాలును. ఇది పనివారి అజాగ్రత్త యని వ్రాయుట లోకాచారము. అరువది యడుగుల లోతున, ధూళిలో, కడియము ఎచట చిక్కుకొన్నదో చూచుటకు ఎవని కన్ను చాలును?

దీనికి మందు కొక్కెపు నోటికి అడ్డముగా ఒక నాలుక. స్ప్రింగుతో బిగించిన ఆ రేకును లోనికి నొక్కినచో తెరచుకొనును. కడియము లోపలికి పోగానే తనంతట మూసికొనును. లోపలినుండి త్రోసినచో తెరచుకొనదు. మన ఇండ్ల తలుపునకు గొళ్లెమెట్టిదో ఇదియు నట్టిదే. అది బరువును మోయదు, మోయరాదు. త్రాడు సడలిన ఆ రెండు నిమిషములు కడియమును పోనీయకుండుటయే దాని పని. పూర్వము ఓడలలో నావికులు ఈ నాలుక లేనిరోజులలో కొక్కెపు నోటికి సన్నని త్రాటితో కట్టు కట్టెడివారు. చేపకు వేయు గాలమునకు సైతము వెనుకకు వంగిన ముల్లుండును. చేప జారిపోరాదని అంత శ్రద్ధ! మనిషి తలపై వ్రేలాడు గాలమునకు ఆపాటి శ్రద్ధయు లేదు.

మనుష్యులను దింపి ఎక్కించునపుడు ఈ నాలుక యొక్కటియే చాలునని మేము చెప్పము. అట్టిచోట కొక్కెమునే మాని, నట్టు బిగించి పిన్నుతో గడియవేసిన షాకిలును వాడుట మేలు. లేదా బరువు పడినకొలది తానే మూసికొని, బరువు దిగువరకు తెరచుకొనని కొత్తరకపు కొక్కెములున్నవి, వానిని వాడవలయును. ఇవి దుర్లభవస్తువులు కావు.

గనుల మాటకు వత్తము. యెల్లందు ప్రాంతమున బొగ్గు జాడను భూగర్భశాఖకు చెందిన విలియం కింగుగారు 1871లో కనిపెట్టిరి. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ 1889లో త్రవ్వకము మొదలిడెను. 1920లో ఆ సంస్థ సింగరేణి పేరు ధరించినది. ఆ పేరుగల గ్రామము ఈ కారేపల్లి చెంతనే యున్నది, మండలమునకును ఆ పేరే. అనగా దేశమంతటికిని తెలిసిన బొగ్గుపేరు ఈ మట్టినుండి పుట్టినదే. ఆ గనులవారు సీమనుండి యంత్రములతోపాటు ఒక జ్ఞానమును సంపాదించుకొనిరి. ఆ జ్ఞానము ఉచితముగా వచ్చినది కాదు; పరదేశపు గనికూలీల మరణములు దానికి వెలగా చెల్లినవి.

ఒక ఉదాహరణము చెప్పుదుము. లోతైన గనులలో మనుష్యులను పంజరమువంటి బోనులో దింపుదురు. పైని యంత్రము నడపువాడు సమయమునకు ఆపక పోయెనా, బోను గిలకవరకు లాగబడి, త్రాడు తెగి, అందలి వారందరితో పాతాళమునకు కూలెడిది. 1868లో ఇంగ్లండునందలి లాంకషైరులో, ఏథర్టను గిబ్‌ఫీల్డు గనిలో పనిచేయు ఎడ్వర్డు ఆర్మరాడు అను గనియింజనీరు దీనికొక కొక్కెము కల్పించి పేటెంటు పొందెను. గిలకకు దిగువ దృఢమైన ఇనుపచుట్టు ఒకటి బిగింపబడియుండును. బోను మితిమీరి లేచినచో త్రాటికిని బోనుకును నడుమనున్న ఆ కొక్కెము చుట్టులోనికి దూరును. దూరగనే దాని రేకులు నొక్కబడి త్రాటిని విడిచివేయును. అదే క్షణమున పైభాగమున రెక్కలు విచ్చుకొని చుట్టుమీద తగులుకొని బోనును వ్రేలాడదీసి నిలుపును. సీతాకోకచిలుక రెక్కలను పోలుటచే దానికి ఆ పేరే వచ్చినది. పట్టుకొనుటయు విడుచుటయు రెండును తెలిసిన కొక్కెమది. మన దేశపు బొగ్గుగనుల నిబంధనలును మనుష్యులను దింపు నూతిగనులకు ఇట్టి విడివడు కొక్కెమును విధించినవి.

ఇక గనికంచె దాటి వెలుపలికి రండు. 1948 నాటి ఫ్యాక్టరీల శాసనము 29వ విభాగమున, బరువులెత్తు ప్రతి యంత్రమును, గొలుసును, త్రాటిని 12 నెలలకొకమారైనను సమర్థుడు పరీక్షింపవలెననియు, ఎంత బరువు ఎత్తదగునో దానిపై స్పష్టముగా వ్రాయవలెననియు చెప్పబడినది. 1996లో నిర్మాణకార్మికులకు వేరు శాసనము వచ్చినది. దాని క్రింద 1998లో చేసిన కేంద్రనిబంధనలలో ఎత్తుడు సాధనములకు ఒక అధ్యాయమే కలదు. పార్లమెంటు 2020లో ఈ శాసనములను వృత్తిభద్రతా స్మృతిలో కలిపివేసినది. అన్నియు బాగున్నవి. కాని 1996 శాసనము పదిమంది పనివారున్న చోటనే కన్ను తెరచునట్లు వ్రాయబడినది. నూతిక్రేను వెంట తిరుగు జట్టులో మనుష్యులెందరు? అయిదుగురు; మించినచో ఏడుగురు. తరతరములుగా రాయిని మట్టిని నమ్ముకొన్న వడ్డెరలు, పని దొరకనపుడు వచ్చి కలియు లంబాడీ, కోయ యువకులు. పదిమంది కారు గనుక వారి ప్రాణములు లెక్కకు రావు! శాసనకర్తలు ఉద్దేశపూర్వకముగా ఇట్లు చేసిరని మేమనము. అయినను ఫలితమిది.

2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్టణము హిందూస్తాన్ షిప్‌యార్డులో, బరువు పరీక్ష జరుగుచుండగా క్రేను కూలి 11 మంది మరణించిరి. దేశమంతయు ఉలిక్కిపడినది, విచారణసంఘములు ఏర్పడినవి. అది ఉచితమే. పల్లెలో నూతియందు ఒక్కడు మరణించినచో జిల్లా పుటలో నాలుగు పంక్తులు. విచారణ యుండదు, కొక్కెమును ఎవరును చూడరు, మూడవనాడు అదే క్రేను వేరొక పొలమున నిలుచును.

రాతిపనిలోను ఇంతే. ఖమ్మము గ్రానైటునకు పేరెన్నికగన్న ఊరు. ఘనమీటరు గ్రానైటు రమారమి 2.7 టన్నులు తూగును. మూడుమీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు చొప్పున వెడల్పు ఎత్తు గల దిమ్మె 18 టన్నులగును. దానిని రెండు త్రాళ్లతో నిలువుగా ఎత్తినచో త్రాటికి 9 టన్నులు. త్రాళ్లు పొట్టివని, నేలకు 30 డిగ్రీల వాలుగా చాపి కట్టినచో ఒక్కొక్క త్రాటిపై 18 టన్నులు పడును. బరువు పెరుగలేదు, లాగుడు ఇబ్బడియైనది. ఆ లాగుడు త్రాళ్లను కొక్కెపు వంపునుండి మొనవైపునకు ఈడ్చును. మూరెడు త్రాటికొరకు లోభించినందున జరుగు అనర్థమిది. ఖలాసీలలో ముసలివారికి ఈ లెక్క అంకెలలో రాకున్నను చేతిలో ఉన్నది. వారి మాట వినువారే లేరు.

క్రేను యజమానుల పక్షమున చెప్పబడు మాటలు మేము వినకపోలేదు. నాలుక అడ్డమగుచున్నదందురు; నూతి బురదకు స్ప్రింగు త్రుప్పుపట్టి బిగుసుకొనుచున్నదందురు; ఇరువది యేండ్లుగా నాలుక లేకనే పని జరిగినదందురు. రెండవమాట సత్యము. త్రుప్పుపట్టును. అందుకు ఉపాయము వారమునకొకమారు కడిగి చుక్క నూనె వేయుట. నాలుకను ఊడబెరికి పారవేయుట కాదు, తీగెతో తెరచియుండునట్లు కట్టివేయుట అంతకన్నను కాదు. ఇరువది యేండ్ల మాటకు మాత్రము ఒక్కటే ప్రత్యుత్తరము: జారిన కొక్కెము క్రింద నిలిచినవాడు వచ్చి సాక్ష్యము చెప్పలేడు. ఖర్చు మాటయా, ఆ నాలుక వెల యంత్రము ఒకదినము త్రాగు డీజిలు వెలకు మించదు.

నాలుక యొక్కటి తగిలించి చేతులు దులుపుకొనుటయు కాదు. కొక్కెమునకు మాటలు రాకున్నను వ్యాధి చెప్పుకొను గుణమున్నది. మితిమీరిన బరువు మోసినచో మంచి కొక్కెము ఒక్కసారిగా విరుగదు. మెల్లగా నోరు తెరచును. నోరు తెరచిన కొద్ది నాలుక మొనకు అందకుండ పోవును. కొత్తదైనపుడే మొనయొద్దను కాడయొద్దను రెండు గుర్తులు వేసి నడిమిదూరము వ్రాసియుంచినచో, పిదప కొలుచుట చిన్నపిల్లవాని పని. ఆ దూరము నూటికి 5 పాళ్లు పెరిగినను, ఇనుము నూటికి 10 పాళ్లు అరిగినను ఆ కొక్కెమును మానవలెనని అమెరికా యంత్రశిల్పుల ప్రమాణము. మనవద్ద నోరు తెరచిన కొక్కెమును కొలిమిలో కాల్చి, సుత్తితో మూసి, తిరిగి వ్రేలాడదీయుచున్నారు. అంతకన్న విరిగిపోవుటయే మేలు. విరిగినదానిని ఎవరును నమ్మరు.

కావలసినది స్వల్పము. ప్రభుత్వధనముతో త్రవ్వు ప్రతి నూతికిని, కొక్కెము పరీక్షించిన కాగితము లేనిదే బిల్లు చెల్లింపరాదని జిల్లా అధికారులు ఉత్తరువు చేయవచ్చును; దీనికి కొత్త శాసనము అక్కరలేదు. కొత్తగూడెమున గనులవిద్య నేర్పుచున్నారు. ఆ విద్యార్థులు ఏటికొకమారు కారేపల్లికి వచ్చి, చుట్టుపట్ల క్రేనులను ఒకచోట చేర్చి కొక్కెములు కొలిచినచో వారికి చదువు, వీరికి ప్రాణము. రైతు బయానా ఇచ్చుటకు ముందు గంటకెంత, అడుగుకెంత యని అడుగుచున్నాడు. దానితోపాటు కొక్కెము చూపుమని అడుగవలయును. నాలుక లేని కొక్కెము క్రిందికి దిగనని చెప్పిన కూలివానికి ఆనాటి కూలి నష్టము కారాదు.

మాఘము వచ్చుసరికి నూతిపనులు మొదలగును. క్రేనులు పల్లెలకు బయలుదేరును. ఆలోపుగా ఆ మండలపు పంచాయతీలలో ఏదేని నాలుక లేని కొక్కెము తన పొలిమేర చొరరాదని తీర్మానించినచో, దాని ప్రతిని మాకు పంప ప్రార్థన. ఆ గ్రామము పేరును, తీర్మానపు పాఠమును ఈ స్తంభములయందే ప్రకటింతుము.