తాయెత్తుకీ యంత్రానికీ ఒకే తూకం

పోయిన నెల మా హేతువాద సంఘం సమావేశంలో నేనొక మాట అన్నాను. "రాత్రిపూట సీపాప్ యంత్రం పెట్టుకుంటున్నప్పటి నుంచీ నా జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. సైన్సు అంటే ఇదీ!" వెనక వరసలోంచి ఒక కుర్ర సభ్యుడు లేచాడు. "మాస్టారూ, తాయెత్తు కట్టుకున్నాయన ఇదే మాట చెబితే మీరు ఒప్పుకుంటారా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను.

ముందు జబ్బు సంగతి. గురక పెడితే మనవాళ్ళు 'హాయిగా నిద్రపోతున్నాడు' అంటారు. గురక పెట్టే ప్రతివాడికీ జబ్బు ఉండదు. కానీ స్లీప్ ఆప్నియా ఉన్నవాడికి నిద్రలో గొంతు దగ్గర గాలిదారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి పీల్పిస్తుంది. గంటకు 30 సార్లు, అంతకు మించి ఇలా జరిగితే తీవ్రమైనదని లెక్క. నాకు 34 వచ్చింది.

సీపాప్ యంత్రం ముక్కుకు తగిలించిన మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి ఆ దారి మూసుకుపోకుండా చూస్తుంది. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ బృందం దీన్ని ప్రకటించింది. ఊపిరి ఆగడాన్ని ఇది ఆపుతుందనడంలో అనుమానం లేదు. మరి తెలివితేటల మాట?

ఆ కుర్రవాడు అడిగిన పరీక్ష అమెరికాలో జరిగింది. దాని పేరు ఆపిల్స్. ఫలితాలు 2012లో వచ్చాయి. దాదాపు 1,100 మందిని చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి అసలు యంత్రం, రెండో జట్టుకి ఉత్తుత్తి యంత్రం ఇచ్చారు. రెండోదాంట్లోనూ గాలి వస్తుంది, కానీ గొంతు తెరిచేంత ఒత్తిడి ఉండదు. ఆరు నెలల తర్వాత చూస్తే జ్ఞాపకశక్తిలో, ఏకాగ్రతలో రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆలోచించి పని చక్కబెట్టే శక్తిలో రెండో నెలలో కాస్త మెరుగు కనబడింది, ఆరో నెలకి అదీ నిలవలేదు. పగటి నిద్రమత్తు మాత్రం అసలు యంత్రం వాడినవాళ్ళకి స్పష్టంగా తగ్గింది.

ఇదే చివరి మాట కాదు. ఆ పరీక్షలో చేరినవాళ్ళలో చాలామందికి మొదటినుంచీ బుర్ర బాగానే పనిచేస్తోంది. బాగున్నదాన్ని ఇంకా బాగుచేసి చూపించడం కష్టం. అయినా నా ఒక్కడి అనుభవం కంటే అది వెయ్యి రెట్లు గట్టి సాక్ష్యం. యంత్రం కొనకముందు నా జ్ఞాపకశక్తిని నేనెప్పుడూ కొలవలేదు. మత్తు వదిలితే బుర్ర పదునెక్కినట్టు అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2025లో జైపూర్ వైద్యులు 30 మంది రోగులతో ఒక పరీక్ష చేశారు. కొందరితో శంఖం ఊదించారు, మిగతావారితో దీర్ఘశ్వాస చేయించారు. ఆరు నెలలకి శంఖం ఊదినవాళ్ళకి పగటి మత్తు తగ్గింది, ఊపిరి ఆగడమూ కొంత తగ్గింది. శంఖం అనగానే మనలో కొందరికి ఎగతాళి చెయ్యాలనిపిస్తుంది. ఊదడం వల్ల గొంతు కండరాలకు వ్యాయామం అందుతుంది, దాంట్లో మహిమ ఏమీ లేదు. అయితే 30 మంది చాలా తక్కువ. పైగా ఎవరు శంఖం ఊదుతున్నారో వాళ్ళకే తెలుసు. కాబట్టి ఎగతాళీ వద్దు, ఊరేగింపూ వద్దు, పెద్ద పరీక్ష కావాలి. బరువు తగ్గించే టిర్జెపటైడ్ మందుకి ఈ జబ్బులో వాడేందుకు అమెరికా 2024 డిసెంబరులో అనుమతినిచ్చింది. అదీ స్థూలకాయం ఉన్నవారి ఊపిరి లెక్క తగ్గించినందుకే గాని, జ్ఞాపకశక్తి పెంచినందుకు కాదు.

యంత్రం మానేస్తానా? మానను. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర స్కూటరు మీదే కునుకు తీసేవాణ్ణి. ఆ ప్రమాదం తప్పింది, నాకు అది చాలు. మీకూ గురకతోపాటు పగలు కునుకుపాట్లు ఉంటే డాక్టరుకి చూపించుకోండి.

వచ్చే సమావేశంలో నా మాట వెనక్కి తీసుకుంటాను. అడిగిన కుర్రవాడికి అందరి ముందూ కృతజ్ఞత చెబుతాను.