ముందు ఎంచుకునేది ఎవరు?

మన వసతి గృహంలో ఆట అంటే గ్రౌండులో కబడ్డీ, వాలీబాల్. వానొస్తే క్యారమ్స్, చెస్. వాటిలో గెలిచినవాళ్ళ పేర్లు ఈ సంచికలో ఎలాగూ వస్తాయి. మేము, అంటే ఇక్కడ పదో తరగతి దాకా చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న నలుగురం, వేరే ఆట గురించి రాస్తున్నాం. దాని మీద మా క్లాసులో మొదలైన వాదన ఇంకా తెగలేదు.

ఆట పేరు కింగ్‌డొమినో. ఫ్రాన్సుకు చెందిన బ్రూనో కథాలా తయారుచేశారు. 2016లో వచ్చింది. 2017లో జర్మనీవాళ్ళ స్పీల్ దెస్ యారెస్ బహుమతి గెలుచుకుంది. కథ చందమామ పుస్తకంలో లాంటిదే, ప్రతివాడూ ఒక రాజు, ప్రతివాడికీ ఒక కోట. కోట చుట్టూ పలకలు పేర్చుకుంటూ 5 గళ్ళ పొడవు, 5 గళ్ళ వెడల్పు రాజ్యం కట్టాలి. ఒక్కో పలకలో రెండు గళ్ళు. గోధుమ చేను, అడవి, చెరువు, పచ్చిక, చిత్తడి నేల, గని, వీటిలో ఏవైనా ఉండొచ్చు. కొత్త పలక కోటకైనా ఆనాలి, లేదా అదే రకం నేలకైనా ఆనాలి. కొన్ని గళ్ళలో కిరీటాలుంటాయి. చివర్లో కలిసి ఉన్న ఒకే రకం గళ్ళను వాటిలోని కిరీటాలతో గుణిస్తారు. 6 గళ్ళ చేనులో 2 కిరీటాలుంటే 12. కిరీటం లేకపోతే ఎంత పెద్ద చేనైనా సున్నా. (ఆ చేను దున్నినవాడి బొమ్మ ఆటలో లేదు. ఉన్నవి రాజులూ, కోటలే!)

మా వాదన అంతా పలక ఎంచుకునే వరస మీద. పలకల వెనక 1 నుంచి 48 దాకా అంకెలుంటాయి. చిన్న అంకెవి ఉత్త నేలలు. పెద్ద అంకెల్లో కిరీటాలు, గనులు ఎక్కువ. నలుగురు ఆడితే ప్రతిసారీ 4 పలకలు అంకెల వరసలో పెడతారు. మొదటిసారి ఎవరు ముందో రాజు బొమ్మలను చీటీల్లాగా కలిపి తీస్తారు. ఆ తర్వాత చిన్న అంకె పలక తీసుకున్నవాడు తర్వాతి రౌండులో ముందు ఎంచుకుంటాడు. పెద్ద అంకె తీసుకున్నవాడు అందరూ ఎంచుకున్నాక మిగిలింది తీసుకోవాలి.

ఆట తెచ్చిన క్లాస్‌మేటు మొదటి రోజే, "తక్కువ పలకవాడికి ముందు ఛాన్సేంట్రా? ఇక్కడ కూడా రిజర్వేషనేనా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మేము నవ్వలేదు. అతను చెడ్డవాడేమీ కాదు, నోట్సు అడిగితే ఇస్తాడు. అయినా ఆ మాటను అలా వదిలేయాలనిపించలేదు.

సరే, నియమం తిరగేసి ఆడదాం అన్నాం. మంచి పలక తీసుకున్నవాడే మళ్ళీ ముందు ఎంచుకోవాలి. అలా మూడు ఆటలు ఆడాం. చీటీలో ఎవరి రాజు ముందొచ్చాడో అతనే ప్రతి రౌండులోనూ ముందు. మూడు నాలుగు రౌండ్లకే ఎవరు గెలుస్తారో తెలిసిపోయింది. మిగతా ఎనిమిది రౌండ్లూ లాంఛనం. మూడో ఆట సగంలో వెనకబడ్డ ఇద్దరు టీకి లేచి వెళ్ళిపోయారు. దాన్ని ప్రతిభ అనాలా, మొదటి చీటీ అనాలా?

అసలు నియమంలో దయాదాక్షిణ్యాలేమీ లేవు. ఉత్త నేల తీసుకున్నవాడు ఆ రౌండులో కిరీటం వదులుకున్నాడు. దానికి బదులుగా వరసలో చోటు దక్కింది, అంతే. ముందు ఎంచుకున్నంత మాత్రాన మార్కులు పడవు. పలక సరిగా పెట్టడం చేతకాకపోతే ఆ చోటు వృథా.

ఒక్క విషయంలో మాత్రం పోలిక కుదరదు. ఆటలో చిన్న పలకను చాలాసార్లు మనమే కావాలని తీసుకుంటాం. ఏ వాడలో, ఎవరింట పుట్టాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. పైగా ఆటలో అందరూ ఒకే కొలత కోటతో మొదలుపెడతారు. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. కాబట్టి ఆ నవ్వినవాళ్ళకు మా జవాబు, ఆ నియమం మీరన్నంత పెద్ద సాయం కాదు, మాకు దొరికినదీ మీరనుకున్నంత పెద్దది కాదు.

ఇక అంతా అదృష్టమే అనేవాళ్ళున్నారు. నలుగురు ఆడితే 48 పలకలూ వస్తాయి. గని గళ్ళు మొత్తం 6 మాత్రమే. లెక్క గుర్తుపెట్టుకున్నవాడికీ పెట్టుకోనివాడికీ తేడా కనిపిస్తుంది. ఇద్దరే ఆడితే 24 పలకలే వాడతారు, మిగతా సగం ఏమిటో తెలియదు. అక్కడ అదృష్టం ఎక్కువేనని ఒప్పుకుంటాం. అందుకే ఇద్దరికి మేము 7 గళ్ళ రాజ్యమే చెబుతాం. అందులో 48 పలకలూ వాడొచ్చు. చిన్న ఆట అని ఇంకొందరి ఫిర్యాదు. ఆట పావుగంట. రాత్రి భోజనానికీ స్టడీ అవర్‌కీ మధ్య మనకు ఉండేదీ అంతే.

కొనాలంటే ఖరీదే. మేము శుభలేఖల అట్టలు కత్తిరించి, స్కెచ్ పెన్నులతో రంగులేసి ఒక సెట్టు చేశాం. రీడింగ్ రూము బీరువాలో పెట్టి వెళ్తున్నాం. 48వ పలక, మూడు కిరీటాల గని ఉన్నది, మూల నలిగింది. కుప్పలో కలిపినా అందరూ గుర్తుపడుతున్నారు. ఓపిక ఉన్న తమ్ముడెవరైనా అది ఒక్కటి మళ్ళీ చేసి పెట్టండి.