వంటింటికి అడుగూ బొడుగేనా?

దాళ్వా ధాన్యం డబ్బు చేతికి రాగానే డెల్టా గ్రామాల్లో తాపీమేస్త్రీలకు క్షణం తీరిక ఉండదు. కాలువలు కట్టేసింది మొదలు మృగశిర కార్తె వరకు ఏ ఊళ్ళో చూసినా ఇటుక, ఇసుక గుట్టలే. అయితే ఆ డబ్బు ముందుగా పోయేది వీధి గుమ్మానికి, హాలుకు, మేడమెట్లకు. ఇల్లాలు పూటపూటా గంటల తరబడి నిలబడే వంటింటికి దక్కేది చివర మిగిలిన అడుగూ బొడుగూ. అది కూడా చాలక బంగారం తాకట్టుకు వెళ్ళిన ఇళ్ళు లేకపోలేదు.

అంచనా వేసే రోజున యజమాని ఉంటాడు, మేస్త్రీ ఉంటాడు, వాస్తు చెప్పే పెద్దమనిషీ ఉంటాడు. వండే మనిషి మాత్రం వారికి కాఫీలిచ్చి లోపలికి వెళ్ళిపోతుంది. ఆగ్నేయం ఎక్కడో అందరూ చూస్తారు. పొగ ఎటు పోవాలో, కుడితి నీళ్ళు ఎటు పారాలో అడిగేవారుండరు. గట్టు ఎత్తు మేస్త్రీ అలవాటును బట్టి వస్తుంది. అది వండే మనిషి మోచేతికి నాలుగంగుళాలు దిగువన ఉంటే సుఖం. లేకుంటే ఏళ్ళ తరబడి భుజాల నొప్పి. ఆమెను నిలబెట్టి గోడ మీద బొగ్గుతో గీత గీయడానికి పైసా ఖర్చు లేదు.

లెక్క నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల గట్టుకు 20 చదరపు అడుగుల రాయి పడుతుంది. దానిపై గోడకు రెండడుగుల ఎత్తున టైల్స్ వేస్తే మరో 20. పది, పన్నెండు అడుగుల గదికి నేల 120. కోతలో పోయేవి, విరిగేవి నూటికి పది చొప్పున కలిపి నేలకు 132 అడుగులు ఒకేసారి కొనడం మేలు. తర్వాత తెచ్చిన పెట్టెలో రంగు కలవదు.

డబ్బు చాలనప్పుడు ఏది ఆపాలి? టైల్స్ ఆపవచ్చు, అలమరల తలుపులు ఆపవచ్చు. గోడలో పూడ్చే గొట్టం, మురుగు తూము, కిటికీ, కరెంటు తీగ ఆపడానికి వీల్లేదు. జరుగుతున్నది దీనికి తలకిందులు. నిగనిగలాడే టైల్స్ వేసి, ఏడాది తిరగకుండా తూము కోసం వాటినే పగలగొడుతున్నారు. పైగా పాత గోడ విప్పితే చెమ్మ, చెద బయటపడటం మామూలే. అంచనాలో పదో వంతు అందుకని విడిగా ఉంచాలి.

2024 జులై 8 నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమన్నారు. ఎగుమతి, రవాణా ఖర్చులు మాత్రం ఇంటివారివే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గింపు బస్తా ధరలో దక్కిందో లేదో బిల్లు అడిగితేనే తెలుస్తుంది; అడిగేవారు ఎందరు?

1999లో దీపం పథకం వచ్చాక పేదల ఇళ్ళలోకీ గ్యాసు చేరింది. వంటిళ్ళు మాత్రం దానికి తగినట్టు మారలేదు. అందం కోసమని 14.2 కిలోల సిలిండరును గాలి ఆడని అరలో పెట్టి తలుపు మూస్తున్నారు. గ్యాసు గాలికన్నా బరువైనది, కారితే నేలబారునే నిలుస్తుంది. కిటికీ ఉందికదా అనుకుంటే చాలదు, నేల మట్టాన కూడా గాలి పోయే కన్నం ఉండాలి. కొబ్బరి మట్టలు, డొక్కలు కాల్చే పెరటి పొయ్యిని కూడా చిన్నచూపు చూడరాదు. స్నానాల నీళ్ళ ఖర్చు ఇప్పటికీ చాలా ఇళ్ళలో అదే భరిస్తున్నది. దానికో చిన్న పాక అంచనాలో చేరాలి.

లంక గ్రామాల వారి లెక్క వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షలకు పైగా ప్రవహించిన గోదావరి వంటిళ్ళను వదలలేదు. నీట నానిన ప్లైవుడ్ అలమర ఉబ్బి పారేయడానికి తప్ప పనికిరాదు. కడప రాయి అరలు కడుక్కుంటే సరి. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పునీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. మంచినీళ్ళ ట్యాంకరు బాడుగ భారమే అయినా రాసుకోక తప్పదు. మండలాల్లోని గృహనిర్మాణ శాఖ ఇంజనీర్లు ఇటువంటి నమూనా అంచనా ఒకటి తెలుగులో రాయించి పంచాయతీ గోడకు అంటిస్తే ఎందరికో మేలు.

ఇంకొకటి. వంటిల్లు విప్పేది సరిగ్గా ఆవకాయ పెట్టే రోజుల్లోనే. జాడీలు ఎక్కడ పెట్టాలో, నెలరోజులు పొయ్యి ఎక్కడ వెలగాలో ముందే అనుకోని ఇళ్ళలో తొలకరి జల్లు పడేసరికి ఆడవాళ్ళు పెరట్లో టార్పాలిన్ కింద వండుతున్నారు. మేస్త్రీ అప్పటికే ఇంకో ఊళ్ళో పని ఒప్పుకొని ఉంటాడు.