చంద్రగిరిలో ఒక పూట

తిరుమల దర్శనం ముగించుకుని కాణిపాకం బయలుదేరే కుటుంబాలకు నాదొకటే మనవి: దారిలో చంద్రగిరిలో ఒక పూట ఆగండి. తిరుపతికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక పెనుగొండకు, అక్కణ్ణుంచి ఇక్కడికి చేరింది విజయనగర రాజధాని. పిల్లల్ని కోటగోడ పక్కన నిలబెట్టండి. సున్నం ఊసే లేకుండా బండ మీద బండ ఎంత బిగువుగా కుదిరిందో వేళ్లతో తడిమి చూడనివ్వండి. కోటలోని రాజమహల్ అయితే మూడంతస్తులూ కలప దూలమన్నది లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేచాయి. ఇటలీలోని లుక్కా ఊళ్లో పాత కోటగోడల మీద ఇంటిల్లిపాదీ సైకిళ్లు తొక్కుతారు. మన గోడ వెంట కనీసం నీడ ఉన్న నడకబాట, ఈ ఊరి కథ తెలుగులో చెప్పే మనిషి కావాలి. పురావస్తు శాఖ ముందు ఆ పని చూడాలి.