ఓసీ లేని ఫ్లాటుకు పూచీ ఎవరిది?

హైదరాబాద్‌లో పాత కాలనీల రూపు మారిపోతోంది. మల్కాజిగిరి, దిల్‌సుఖ్‌నగర్, మారేడుపల్లి... ఎక్కడ చూసినా రెండు మూడు వందల గజాల్లోని పాత డాబా ఇళ్లు నేలమట్టమై, స్టిల్ట్ మీద నాలుగైదు అంతస్తులు లేస్తున్నాయి. కట్టేవాళ్లలో చాలామంది పెద్ద కంపెనీలవాళ్లు కారు. దాచుకున్న సొమ్ముతో ఇద్దరు ముగ్గురు కలిసి దిగినవాళ్లు, బంధువుల దగ్గర వడ్డీకి తెచ్చి పెట్టినవాళ్లు. చర్చంతా కోకాపేట టవర్ల చుట్టూ తిరుగుతుంటే, సామాన్యుడు కొనే ఈ చిన్న కట్టడాలను పట్టించుకునే నాథుడు లేడు.

ఈ వ్యాపారంలో స్థలం కొనే పని లేదు. ఇంటి యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే చాలు. తరచుగా కుదిరే లెక్క సగం సగం. మొత్తం కట్టుబడి ఖర్చు, వడ్డీ, లాభం అన్నీ బిల్డర్‌కు దక్కిన సగంలోంచే రావాలి. సిమెంటు, ఉక్కు ధర కాస్త పెరిగినా లాభం కరిగిపోతుంది. అప్పుడు ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైకి లేస్తుంది, సెట్‌బ్యాక్‌లోకి బాల్కనీ జరుగుతుంది. స్లాబ్‌ను కనీసం ఏడు రోజులు తడపాలనీ, నాలుగున్నర మీటర్ల స్పాన్ దాటిన స్లాబ్ కింద ఆసరాలు పద్నాలుగు రోజులు ఉంచాలనీ కాంక్రీటు పనులకు సంబంధించిన ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. వడ్డీ పెరుగుతుంటే ఆ పద్నాలుగు రోజులు ఆగే ఓపిక ఎందరికి ఉంటుంది? 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి, పొట్టకూటికి వచ్చిన వలస కూలీలు శిథిలాల కింద ప్రాణాలు వదిలారు. ఇరుకు జాగాలో అంతస్తుల ఆశ ఎంత ప్రమాదమో చూశాక కూడా మనం మారలేదు.

చట్టం ఏం చేస్తోంది? 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రాజెక్టుల రిజిస్ట్రేషన్ మినహాయింపుకు 500 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్ల పరిమితి పెట్టింది. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. మూడు వందల గజాల్లో అంతస్తుకు ఒక ఫ్లాటు వేస్తే రెండు లెక్కల్లోనూ పరిమితి లోపే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలన్న నిబంధన రిజిస్ట్రేషన్‌తోనే ముడిపడింది కాబట్టి, ఆ రక్షణా ఉండదు.

అలాంటప్పుడు కొనేవాళ్లకు మిగిలే గట్టి ఆధారం భవనం నివాసానికి సిద్ధమని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ. చాలామంది దాన్ని ఒక లాంఛనంగా చూస్తారు. అసలు మెలిక అందులోనే ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం నిర్మాణ వైశాల్యంలో పది శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే విడుదల. ఓసీ రాకపోతే ఆ భాగం తనఖాలోనే ఉంటుంది. అది తమ ఫ్లాటేనేమోనని అడ్వాన్స్ ఇచ్చేముందు అడిగేవాళ్లు అరుదు. ఓసీ వచ్చాక అమ్మితే జీఎస్టీ ఉండదు, నిర్మాణంలో ఉండగా అమ్మితే సాధారణంగా ఐదు శాతం. స్థలం ఇచ్చిన యజమానికీ ఈ కాగితం ముఖ్యమే. 2017లో వచ్చిన సవరణతో, రిజిస్టరైన అగ్రిమెంట్ ఉన్న వ్యక్తులకు మూలధన లాభం పన్ను భారం నిర్మాణం పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాదికి వాయిదా పడుతుంది.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు దాన్ని పరిశీలించాకే రుణం ఇవ్వాలనీ ఆదేశించింది.

స్థల యజమానికి పాత ఇంటిని కూల్చకుండా బాగుచేసి అద్దెకిచ్చే దారి కూడా ఉంది. పునాది, గోడలు గట్టిగా ఉంటే అది నష్టమేమీ కాదు. కానీ గోడల మీదే నిలబడ్డ పాత కట్టడంపై ఇంజనీర్‌ను అడగకుండా అంతస్తులు వేయడం మాత్రం మనుషుల ప్రాణాలతో చెలగాటం.

ఈ చిన్న కట్టడాలు కొనేవాళ్లకు రక్షణ కల్పించడానికి ప్రభుత్వం చట్టం మార్చనక్కర్లేదు. రెరా పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఆ చట్టంలోనే ఉంది. ఆ పరిమితిని 200 చదరపు మీటర్లకు, నాలుగు ఫ్లాట్లకు దించాలి. ఫ్లాటు పూర్తయిందని చెప్పి అమ్మే ప్రతి రిజిస్ట్రేషన్‌లోనూ ఓసీ నంబరు తప్పనిసరి చేయాలి.