సెన్సార్‌కి పవర్ నేరుగా పిన్ నుంచే ఇస్తున్నారా? కాస్త ఆగండి

ఈఎస్‌పీ32తో సాయిల్ మాయిశ్చర్ లాగర్ చేసే వీడియోల్లో తరచూ ఒక ట్రిక్ కనిపిస్తుంది. సెన్సార్ వీసీసీ వైర్‌ని 3.3 వోల్ట్ లైన్‌కి కాకుండా నేరుగా ఒక అవుట్‌పుట్ పిన్‌కి కలిపేస్తారు. రీడింగ్ ముందు పిన్ హై, అయ్యాక లో. ఒక్క పార్ట్ కూడా అదనంగా అక్కర్లేదు. చూడ్డానికి భలే స్మార్ట్‌గా ఉంటుంది.

ఐడియా మీద నాకు గొడవ లేదు. ఒక కెపాసిటివ్ సెన్సార్ సుమారు 5 మిల్లీయాంప్స్ తాగుతుంది. మూడు పెడితే 15. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే 2600 ఎంఏహెచ్ 18650 సెల్ వారం రోజులకే ఖాళీ. అదే 15 నిమిషాలకి ఒకసారి, ఒక్క సెకను మాత్రమే ఆన్ చేస్తే సగటు వాడకం 17 మైక్రోయాంప్స్‌కి దిగిపోతుంది. కాబట్టి స్విచ్ చెయ్యాల్సిందే. కానీ ఆ పని పిన్‌తో చేయించకూడదనేదే నా వాదన.

అవుట్‌పుట్ పిన్ అంటే సిగ్నల్ ఇచ్చేది, పవర్ సప్లై కాదు. దాన్నుంచి కరెంట్ లాగేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది. ఈఎస్‌పీ32 డేటాషీట్ హై లెవెల్‌కి ఇచ్చే గ్యారంటీ సప్లైలో 80 శాతమే, అంటే 3.3కి 2.64 వోల్ట్స్. ఆర్డ్యునో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్ కూడా 20 మిల్లీయాంప్స్ లోడ్ దగ్గర 5 వోల్ట్స్‌కి 4.2కే మాటిస్తుంది. "40 మిల్లీయాంప్స్ వరకు ఇస్తుందిగా బ్రో" అని కామెంట్ పెట్టేవాళ్లకి చిన్న మాట: ఆ చిప్‌లో అది దాటితే పాడయ్యే హద్దు, రోజూ వాడుకునే కోటా కాదు.

ఈ దెబ్బ నేను మా మామయ్య మిర్చి చేనులో తిన్నా. మూడు లోతుల్లో మూడు సెన్సార్లు, అన్నిటికీ ఒకే పిన్. కాలిబ్రేషన్ మాత్రం ఇంట్లో ఒక్కో సెన్సార్‌ని 3.3 లైన్‌కి పెట్టి చేశా. ఈ సెన్సార్లలో తడి పెరిగితే అవుట్‌పుట్ వోల్టేజ్ తగ్గుతుంది. పిన్ దగ్గర వోల్టేజ్ పడిపోతే కూడా అదే తగ్గుతుంది! ఈఎస్‌పీ32 ఏడీసీ కొలిచేది తన లోపలి రిఫరెన్స్‌తో కాబట్టి సప్లై పడిన సంగతి దానికి తెలీదు. గ్రాఫ్‌లో నేల తడిగానే ఉంది, చేనులో మొక్కలు తలలు వాల్చేశాయి. "ఏరా, నీ ఫోన్ ఒకటి చెప్తోంది, చేను ఒకటి చెప్తోంది" అన్నాడు మామయ్య. మీటర్ పెట్టి చూసేదాకా కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చున్నా. ఎర్రర్ మెసేజ్ ఒక్కటి రాలేదు. లాగర్ మొత్తంగా ఆగిపోయినా ఇంతకంటే నయం, కనీసం తెలిసేది.

సరైన దారి పెద్ద కష్టమేం కాదు. ఒక పీ-ఛానల్ మాస్‌ఫెట్ లేదా చిన్న లోడ్ స్విచ్ ఐసీ పెట్టి, పిన్‌తో దాన్ని ఆన్ ఆఫ్ చెయ్యండి. ఖర్చు ఒక ప్లేట్ మిర్చి బజ్జీ అంత కూడా ఉండదు. గేట్ నుంచి సప్లైకి 100 కిలో ఓమ్స్ పుల్-అప్ మర్చిపోవద్దు. డీప్ స్లీప్‌లో పిన్ గాల్లో వేలాడితే మాస్‌ఫెట్ సగం ఆన్ అయి రాత్రంతా బ్యాటరీ తాగుతుంది.

ఇంకో దొంగదారి ఉంది. పవర్ కట్ చేసినా ఐ2సీ పుల్-అప్‌లు ఆన్‌లో ఉన్న లైన్‌కే ఉంటే, కరెంట్ డేటా వైర్ల మీదుగా సెన్సార్‌లోకి దూరిపోతుంది. ఆఫ్ చేశామనుకుంటాం, అది సగం మెలకువగా ఉంటుంది. పుల్-అప్‌లు కూడా స్విచ్ తర్వాతి లైన్‌కే పెట్టాలి. గ్రౌండ్ వైపు కట్ చేద్దామనుకుంటే ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

పవర్ ఇచ్చాక ఆగాల్సిన టైమ్ కూడా సెన్సార్‌ని బట్టి మారుతుంది. డీఎస్18బీ20 వాడేవాళ్లకి 85 డిగ్రీలు బాగా గుర్తుండే ఉంటుంది. అది ఎండ కాదు, పవర్ ఆన్ కాగానే ఆ చిప్‌లో ఉండే డిఫాల్ట్ విలువ. 12 బిట్ కొలతకి 750 మిల్లీసెకన్లు కావాలి, అంతలోపే చదివితే 85 లాగ్ అయిపోతుంది. డస్ట్ కొలిచే పీఎంఎస్5003కి ఫ్యాన్ తిరిగి గాలి నిలకడ అవ్వడానికి 30 సెకన్లు. దానికి స్లీప్ పిన్ విడిగా ఉంది, పవర్ కట్ చెయ్యక్కర్లేదు. ఎంక్యూ135 లాంటి గ్యాస్ సెన్సార్ల సంగతి పూర్తిగా వేరు. లోపల హీటర్, 24 గంటలకి పైగా ప్రీహీట్ అడుగుతుంది. ఆన్ ఆఫ్ చేసి దాని రీడింగ్ నమ్మడం కంటే బ్యాటరీ లాగర్‌లోంచి తీసెయ్యడమే మేలు.

వాతావరణ కేంద్రాల్లో వాడే క్యాంప్‌బెల్ సైంటిఫిక్ సీఆర్1000 లాగర్‌లో సెన్సార్ల కోసమే స్విచ్డ్ 12 వోల్ట్ టెర్మినల్ విడిగా ఉంటుంది. మన రేంజ్‌లో హెల్టెక్ వైఫై లోరా 32 బోర్డు మీద వీఎక్స్‌ట్ అనే అవుట్‌పుట్ అదే పని చేస్తుంది, కోడ్‌తో ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు. రివ్యూల్లో ఫ్లాష్ ఎంత, యూఎస్‌బీ-సీ ఉందా అని మేం కూడా తెగ రాస్తాం. ఇకపై లాగర్ బోర్డు ఏది నా టేబుల్ మీదకి వచ్చినా ముందు చూసేది ఈ అవుట్‌పుట్ ఉందా, లోడ్ పెట్టాక దాని దగ్గర ఎన్ని వోల్ట్స్ మిగిలాయి అన్నదే. మామయ్య చేనులో కొత్త బోర్డు పెట్టి నెలవుతోంది. మొదటి వారం మాత్రం ఆయన ఫోన్ చూసి ఊరుకోలేదు, వెళ్లి చేత్తో మట్టి పిసికి చూసుకున్నాకే మోటార్ వేశాడు.