ఫుట్‌పాత్ ఖాళీ జాగా కాదు

"ఫుట్‌పాత్ మీద కాకపోతే రోడ్డు మధ్యలో పెట్టమంటారా మేడమ్?"

హైదరాబాదులో మా వీధిలో కాలిబాటకు అడ్డంగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కడుతుంటే అభ్యంతరం చెప్పినందుకు అక్కడున్న ఇంజనీరుగారి జవాబిది. ఆయన వెటకారంగానే అన్నారు. నేను మాత్రం ఆ ప్రశ్నని సీరియస్‌గానే తీసుకున్నాను. అవును, రోడ్డు అంచున ఎందుకు పెట్టకూడదు? అక్కడ రెండు కార్లు రోజంతా ఉచితంగా నిలబడి ఉంటాయి. ఆ జాగా తీసుకోవచ్చన్న ఊహ కూడా ఆయనకు రాలేదు. నడిచేవాళ్ళ జాగా తీసుకోవడానికి మాత్రం క్షణం ఆలోచించనక్కర్లేకపోయింది. ఇది ఇంజనీరింగ్ కాదు, రాజకీయం.

ఈ బాట మీద ఎవరు నడుస్తారు? తెల్లవారకముందే అయిదిళ్ళలో పనికి బయలుదేరే ఆమె, బిడ్డని చంకనేసుకుని అంగన్‌వాడీకి వెళ్ళే తల్లి, రేషన్ బియ్యం మోసుకొచ్చే ముసలమ్మ. ఇంట్లో బండి ఒక్కటే ఉంటే దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో వేరే చెప్పాలా? దిమ్మె దగ్గర వీళ్ళంతా రోడ్డులోకి దిగాలి. వెనకనుంచి బస్సు. చీకటి పడితే ఆ దిమ్మె చాటున ఎవరున్నారో కూడా చూసుకోవాలి.

చూపులేని స్నేహితురాలు చెప్పేదాకా నాకూ తెలియని సంగతి ఒకటుంది. నేలమీది దిమ్మెని చేతికర్ర పసిగడుతుంది. స్తంభాన్ని లాగిపట్టే స్టే వైరుని పసిగట్టదు. ఆ తీగ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కర్ర దాని కిందనుంచి దూరిపోతుంది, తీగ మొహానికి తగులుతుంది. తలెత్తులో బిగించిన కేబుల్ పెట్టెలూ అంతే. ఆమె నుదుటిమీద మచ్చ అలా వచ్చిందే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు దిమ్మె బాధ కూడా లేదు. అంతకుముందే, వాలు లేని గట్టు దగ్గరే, వాళ్ళ ప్రయాణం ఆగిపోతుంది.

నిబంధనలకేం, బోలెడున్నాయి. నడకకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఏ అడ్డూ లేకుండా వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెప్పాయి. స్తంభాలూ పెట్టెలూ ఆ కొలతకు బయటే ఉండాలి. 1995 వికలాంగుల చట్టం రోడ్ల గురించి మాట్లాడుతూనే 'ఆర్థిక స్థోమత మేరకు' అని ప్రభుత్వాలకు తప్పించుకునే సందిచ్చింది. 2016 చట్టంలో రోడ్ల అందుబాటు మళ్ళీ వచ్చింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని 2024 నవంబరులో, అడ్డంకుల్లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. మా దిమ్మెకి ఇవేవీ తెలియవు.

ఆక్రమణ అనగానే లారీ వచ్చి ఎత్తుకుపోయేది పూలమ్మే ఆమె బుట్టనే. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఆమె సర్వేలో పేరెక్కాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రాత్రికి బుట్టతో ఇంటికి వెళ్ళిపోయే మనిషికి ఇన్ని కాగితాలా? ఎప్పటికీ కదలని పెట్టెని ఎవరూ ఏమీ అడగరా?

కరెంటు వద్దని మనం అనడం లేదు. కరెంటు పోయినా, నీళ్ళు రాకపోయినా ముందు అవస్థపడేది మనమే. దారి లేకా కాదు. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో కొన్ని రోడ్లమీద తీగల్నీ పైపుల్నీ కాలిబాట కింది గొట్టాల్లోకి దించి, పైన విశాలంగా నడవనిచ్చారు. (అదీ ముందుగా నగరం నడిబొడ్డు రోడ్లకే దక్కింది. బస్తీల వంతు ఎప్పుడొస్తుందో!) అంత ఖర్చు పెట్టలేమంటే, కనీసం అనుమతి ఇచ్చేముందు నడకకు ఎంత వెడల్పు మిగులుతుందో ప్లాను మీద రాసి వీధిలో అంటించాలి. మిగలకపోతే పార్కింగ్ జాగా తీసుకోవాలి. కేబుల్ కోసం తవ్విన కంపెనీ బాటని మళ్ళీ పరిచేదాకా డిపాజిట్ తిరిగివ్వకూడదు.

ఈ మూడూ రాసి మా వీధి ఆడవాళ్ళం ముప్ఫైమందిమి సంతకాలు చేసి ఇచ్చాం. మా దరఖాస్తుని ఒక శాఖ ఇంకో శాఖకి పంపింది. ఆ శాఖ, బాట తమది కాదని తిప్పి పంపింది. రెండు ఉత్తరాల నకళ్ళూ పట్టుకుని వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి కొలతల టేపుతో.